పాతబస్తీలో ముందుపళ్ళ అలంకరణ: మిస్సీ నుంచి బాండింగ్ వరకు

పైదవడలో ముందువైపున ఉండే నాలుగు కొరుకుపళ్ళను, వాటికి చెరోవైపున ఉండే రెండు కోరపళ్ళను, కింది దవడలో వాటికి ఎదురుగా ఉండే మరో ఆరింటిని కలిపి ముందుపళ్ళు అంటారు. ఆహారాన్ని నమలడంలో దవడపళ్ళంత పని వీటికి లేకపోయినా, మనిషి నోరు తెరవగానే ఎదుటివారి కంట పడేవి ఇవే కాబట్టి, ప్రతి సమాజమూ వీటికి ఏదో ఒక రంగును, ఏదో ఒక మెరుగును కోరుకుంది. హైదరాబాద్ పాతబస్తీలో ఆ కోరిక ఒక్క తీరున సాగలేదు. నల్లని పళ్ళు సౌభాగ్యానికి గుర్తుగా చెల్లిన కాలం ఉంది, తాంబూలపు ఎరుపు మర్యాదకు గుర్తుగా నిలిచిన కాలం ఉంది, బంగారు తొడుగు కలిమికి సాక్ష్యమైన కాలమూ ఉంది. తెల్లని, ఎగుడుదిగుడు లేని పలువరుస మాత్రమే అందమన్న భావన వీటన్నిటికన్నా కొత్తది.

ఈ కొత్త భావనకు ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా తోడ్పడుతున్న చికిత్స కాస్మెటిక్ బాండింగ్. పంటి పైనున్న గట్టి పొర ఎనామిల్. దాన్ని ఆమ్లంతో కొద్దిగా గరుకు చేసి, ఆ గరుకుదనంలోకి ద్రవరూపంలోని రెసిన్‌ను ఇంకించి, దానిమీద పంటి రంగుకు సరిపోయే మెత్తని ముద్దను పొరలు పొరలుగా పేర్చి, నీలికాంతితో గట్టిపరచడమే ఈ చికిత్స సారాంశం. విరిగిన మూలను తిరిగి కట్టడానికి, పళ్ళ మధ్య సందును పూడ్చడానికి, మరకను కప్పడానికి దీన్ని వాడతారు. దీన్ని డబ్బున్నవారి సోకుగా చూసే అలవాటు సమాజంలో ఉంది. హైదరాబాద్ చరిత్రను, దాని చుట్టూ ఉన్న పల్లెల నీటి చరిత్రను కలిపి చదివినప్పుడు ఆ అభిప్రాయం నిలవదు.

మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో మూసీ దక్షిణపు గట్టున నగరానికి పునాది వేసి, నాలుగేళ్ళకే, అంటే 1595లో, చార్మినార్‌కు కొద్ది దూరంలో దారుల్‌షిఫా అనే వైద్యశాలను కట్టించాడు. అది రోగులకు ఆశ్రయంగానూ, యునానీ వైద్యం నేర్పే విద్యాలయంగానూ పనిచేసింది. ఆ పేరుతోనే ఇప్పటికీ ఒక పేట ఉంది. గ్రీకు వైద్యుల సిద్ధాంతాలను అరబ్బులు, పారసీకులు పెంచి పోషించగా రూపుదిద్దుకున్న యునానీ వైద్యం పంటిని జీర్ణక్రియకు తొలి మెట్టుగా చూసింది. చిగుళ్ళను బిగించడానికి, దుర్వాసనను పోగొట్టడానికి, పంటిని శుభ్రపరచడానికి హకీములు రకరకాల మంజన్లను, అంటే పళ్ళపొడులను, నూరి ఇచ్చేవారు. ప్రార్థనకు ముందు పీలుచెట్టు వేరు ముక్కను నమిలి దాని కుంచెతో పళ్ళు తోముకునే మిస్వాక్ ఆచారం ముస్లిం ఇళ్ళలో ఉండగా, నగరానికి కూరగాయలు, పాలు, కట్టెలు మోసుకొచ్చే తెలుగు పల్లెల జనం వేపపుల్లతోనో, గానుగపుల్లతోనో, కచ్చిక పొడిలో ఉప్పు కలిపో పళ్ళు తోముకునేవారు. ఈ రెండు లోకాలలోనూ శుభ్రత కోరదగినదే. అయితే శుభ్రత అంటే తెలుపు అన్న సమీకరణం ఇంకా గట్టిపడలేదు.

ఆ సమీకరణానికి పూర్తిగా ఎదురు నిలిచిన అలంకరణ మిస్సీ. ఇది దక్కన్‌లోనూ ఉత్తర హిందుస్థానంలోనూ స్త్రీలు పళ్ళకు, చిగుళ్ళకు పట్టించిన నల్లని పొడి. దక్కన్ వాసి అయిన జాఫర్ షరీఫ్ రాయగా, మద్రాసు ప్రభుత్వ సేవలో ఉన్న వైద్యుడు హెర్క్‌లాట్స్ ఇంగ్లీషులోకి తెచ్చి 1832లో లండన్‌లో అచ్చువేయించిన ‘కానూన్-ఎ-ఇస్లాం’ ఈ ప్రాంతపు ముస్లింల ఆచారాలను వివరిస్తూ, స్త్రీల అలంకరణ సామగ్రిలో మిస్సీకి చోటిచ్చింది. సుర్మా కంటికి, మెహందీ చేతికి ఎలాగో, మిస్సీ పంటికి అలాగ. దానిని పెట్టుకోవడం పెళ్ళితో ముడిపడిన హక్కు. కన్నెపిల్లకు అది తగదు, వితంతువు దాన్ని మానుకోవాలి. పెళ్ళితంతులో భాగంగా వధువుకు తొలిసారి మిస్సీ పెట్టడం ఒక వేడుక. ఆటపాటల వృత్తిలో ఉన్న స్త్రీల సమాజంలోనూ తొలి మిస్సీకి ప్రత్యేకమైన ఉత్సవం ఉండేది. వారికి పెళ్ళి లేని చోట ఆ ఉత్సవమే పెళ్ళి స్థానాన్ని ఆక్రమించేది.

మిస్సీ తయారీని దగ్గరగా చూస్తే అందులో ఎంత రసాయన పరిజ్ఞానం దాగి ఉందో తెలుస్తుంది. మాచికాయ, ఇనుప రజను లేదా అన్నభేది, మైలుతుత్తం దాని ముఖ్య ద్రవ్యాలు. కొందరు కరక్కాయను, సుగంధ ద్రవ్యాలను చేర్చేవారు. ఓక్ జాతి చెట్ల కొమ్మల మీద పురుగు పెట్టిన గుడ్ల చుట్టూ ఏర్పడే గడ్డ మాచికాయ. అందులో వగరుకు కారణమైన టానిన్ పుష్కలంగా ఉంటుంది. టానిన్ ఇనుముతో కలిసినప్పుడు ఐరన్ టానేట్ అనే నల్లని పదార్థం పుడుతుంది. పాతకాలపు రాతసిరాలో ఉన్న నలుపు కూడా సరిగ్గా ఇదే. పళ్ళను తోముకుని, పొడిని వేలితో రుద్ది, పెదవికీ చిగురుకూ మధ్య కాసేపు నిలిపి ఉంచితే, ఆ నలుపు పళ్ళ సందుల్లోకి, చిగురు అంచుల్లోకి దిగి స్థిరపడేది. రోజుల తరబడి వాడితే పళ్ళన్నీ నీలినలుపు తేలేవి. పైన తాంబూలం వేసుకున్న ఎర్రని పెదవులు, వాటి మధ్య నల్లని పలువరుస, ఈ రెండు రంగుల పొత్తునే నాటి అభిరుచి మెచ్చుకుంది. జపాన్‌లో పెళ్ళయిన స్త్రీలు పాటించిన ఒహగురో అనే ఆచారం కూడా ఇనుము, టానిన్‌ల కలయిక మీదే ఆధారపడింది. అక్కడి ప్రభుత్వం 1870లో రాచకులీనులకు దాన్ని నిషేధించింది. ఇంత దూరాన ఉన్న రెండు నాగరికతలు ఒకే రసాయన చర్యను ఒకే అర్థంతో, అంటే వివాహితకు గుర్తుగా, వాడుకోవడం ఆలోచించదగిన విషయం. తెల్లని పళ్ళ కోరిక మనిషికి పుట్టుకతో వచ్చిందని వాదించేవారు ముందుగా ఈ చరిత్రకు జవాబు చెప్పవలసి ఉంటుంది.

తాంబూలం సంగతి వేరు. మిస్సీ ఉద్దేశపూర్వకంగా వేసుకున్న రంగు అయితే, తాంబూలపు మరక మర్యాదకు తోడుగా వచ్చి చేరిన రంగు. తమలపాకు మీద సున్నం, కాచు, వక్క వేసి మడిచి అతిథికి అందించడం నవాబు దేవిడీ మొదలుకొని మామూలు ఇంటి దాకా ఆతిథ్యంలో భాగం. బీదరు పనివాళ్ళు నల్లని లోహం మీద వెండి తీగను పొదిగి చేసిన పాన్‌దాన్‌లను సాలార్‌జంగ్ మ్యూజియంలో చూసినవారికి ఆ మర్యాద ఎంత ఖరీదైన సామగ్రిని కోరిందో అర్థమవుతుంది. సున్నం క్షారగుణం వల్ల కాచులోని, వక్కలోని ద్రవ్యాలు ఎర్రబడి, ఉమ్ములోని ఖనిజాలతో కలిసి పేరుకునే పళ్ళగార మీద అంటుకుంటాయి. ఏళ్ళు గడిచిన కొద్దీ ఆ ఎరుపు ముదిరి నలుపుకు తిరుగుతుంది.

పందొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాల నుంచి మిస్సీ వాడకం తగ్గుతూ వచ్చింది. దానికి ఒక్క కారణం చెప్పడం సులభం కాదు. ఇంగ్లీషు చదువు, సంస్కరణవాదుల ఉపదేశాలు, ఆటపాటల వృత్తితో ఆ నలుపుకు ఏర్పడిన ముడి, మిషనరీ వైద్యుల ఆరోగ్య బోధ, విదేశీ సబ్బులు, పౌడర్ల ప్రకటనలు, ఇవన్నీ కలిసి పనిచేశాయి. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో స్త్రీల కోసమే ఒక జనానా స్టూడియోను తెరిచాడు. పరదాలోని ముఖానికి కూడా చిత్రపటం ఏర్పడే కాలం అది. అయితే ఆనాటి ఛాయాచిత్రాలలో నవ్వు పెదవి దాటి రాదు. పళ్ళు కనిపించేలా నవ్వుతూ ఫొటో తీయించుకోవడం, ఆ ఫొటోను పెళ్ళిచూపులకు ముందే పంపించడం చాలా తరువాతి అలవాట్లు.

అలంకరణ ఇలా మారుతుండగా, పాడైన పంటికి నగరంలో చికిత్స చేసినవారెవరన్న ప్రశ్న మిగులుతుంది. హైదరాబాద్‌లో పాశ్చాత్య వైద్య పాఠశాల 1846లోనే మొదలైంది. మూసీ ఉత్తరపు గట్టున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1866లో వెలిసింది. ఆ ఆసుపత్రిలోనే ఎడ్వర్డ్ లారీ నాయకత్వాన, ఆరవ నిజాం ధనసహాయంతో, క్లోరోఫారం మత్తు ప్రాణానికి ఎప్పుడు ముప్పు తెస్తుందో తేల్చడానికి 1888, 1889లలో రెండు కమిషన్లు పరిశోధనలు చేయగా ప్రపంచ వైద్యలోకం దృష్టి హైదరాబాద్ మీద పడింది. 1908 సెప్టెంబరు మూసీ వరదలో ఆ ఆసుపత్రి ధ్వంసమైంది. ఏడవ నిజాం కాలంలో విన్సెంట్ ఎష్ రూపకల్పనతో అదే ప్రాంతంలో ఉస్మానియా ఆసుపత్రి భవనం లేచింది. వైద్యంలో ఇంత ముందున్న నగరానికి దంతవైద్యం నేర్పే కళాశాల రావడానికి మాత్రం 1959 దాకా పట్టింది. దేశంలో తొలి దంతవైద్య కళాశాలను డాక్టర్ ఆర్. అహ్మద్ 1920లోనే కలకత్తాలో స్థాపించిన సంగతిని గుర్తుంచుకుంటే, ఈ ఆలస్యం చిన్నది కాదు.

ఆ ఖాళీని నింపినవారు బజారులో కూర్చున్న పనివాళ్ళు. శస్త్రవైద్యం చేసే జర్రాహులు, క్షురక వృత్తిలో ఉన్నవారు పన్ను పీకేవారు. తరువాతి కాలంలో కాలిబాట మీద గుడ్డ పరిచి, కట్టుడు పళ్ళను, పటకార్లను, అద్దాన్ని పేర్చుకుని కూర్చునే పళ్ళ పనివాళ్ళు వచ్చారు. చీనాలోని హూబే ప్రాంతం నుంచి వలస వచ్చిన కుటుంబాలు దంతకార వృత్తిని వంశపారంపర్యంగా నేర్చి భారత నగరాలలో దుకాణాలు పెట్టుకున్నదీ ఈ కాలంలోనే. ఊడిన ముందుపంటి స్థానంలో కృత్రిమ పన్నును పెట్టి పక్కపళ్ళకు సన్నని తీగతో కట్టడం, ఉన్న పంటికి పలచని బంగారు రేకుతో తొడుగు వేయడం ఆ వృత్తుల్లోని ముఖ్య విద్యలు. బంగారు పన్ను గల మనిషిని దూరం నుంచే గుర్తుపట్టేవారు. ఆ పన్ను అతని స్తోమతును చాటింది, అవసరమైతే తాకట్టుకూ పనికివచ్చే ఆస్తి అయింది. అయితే తీగ బిగింపు వల్ల పక్కపళ్ళు కదిలేవి, తొడుగు అంచు కింద ఆహారం ఇరుక్కుని చిగురు కుళ్ళేది, శుభ్రం చేయని పనిముట్ల వల్ల ఒకరి రోగం మరొకరికి అంటేది. 1948 నాటి దంతవైద్యుల చట్టం చదువుకున్నవారిని రిజిస్టరులోని మొదటి భాగంలోనూ, డిగ్రీ లేకపోయినా కనీసం ఐదేళ్ళుగా ఆ వృత్తి మీదే బతుకుతున్నవారిని రెండో భాగంలోనూ చేర్చుకోవడానికి వీలు కల్పించింది. వృత్తికారుల నైపుణ్యాన్ని ఒక్క కలంపోటుతో కొట్టివేయకుండా, కొత్తగా వచ్చేవారికి మాత్రం చదువును తప్పనిసరి చేసిన ఆ ఏర్పాటులో వివేకం ఉంది.

ఇళ్ళలో పంటి సంరక్షణ కూడా ఇదే కాలంలో మారింది. హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో స్థాపించిన జిందా తిలిస్మాత్ సంస్థ హైదరాబాద్ ఇంటింటికీ తెలిసిన మందుతో పాటు ఫారూఖీ పళ్ళపొడిని కూడా తయారుచేసింది. హకీము నూరి పొట్లం కట్టిన మంజన్ స్థానంలోకి అచ్చు వేసిన చీటీతో, ఒకే కొలతతో, ఊరూరా దొరికే సరుకు వచ్చింది. పళ్ళు మెరవాలన్న ఆశతో బొగ్గుపొడిని, ఇటుకపొడిని బలంగా రుద్దుకున్నవారికి మాత్రం విపరీత ఫలితం ఎదురైంది. గరుకు పొడులు ఎనామిల్‌ను అరగదీస్తాయి. ఎనామిల్ పలచబడిన కొద్దీ దాని అడుగునున్న డెంటిన్ అనే పొర పసుపురంగు బయటికి కనిపిస్తుంది. తెలుపు కోసం తోమిన పన్ను అందువల్లనే పసుపుగా మారుతుంది.

ఈ చరిత్రలో 1955వ సంవత్సరానికి ప్రత్యేక స్థానం ఉంది. ఆ ఏడాది ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని రెండు పరిశోధనా వ్యాసాలు వెలువడ్డాయి. మొదటిది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఎ. హెచ్. సిద్దిఖీ ప్రకటించిన వ్యాసం; హైదరాబాద్ రాష్ట్రంలోని నల్లగొండ జిల్లాలో బావినీటిలోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకలను, పళ్ళను ఎలా దెబ్బతీస్తున్నదో అది వివరించింది. రెండోది అమెరికాలోని రోచెస్టర్‌లో పనిచేస్తున్న మైకేల్ బ్యూనోకోర్ రాసిన వ్యాసం. ఎనామిల్‌ను 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లంతో 30 సెకన్లపాటు తడిపితే దానికి ప్లాస్టిక్ రెసిన్ ఎంతో గట్టిగా పట్టుకుంటుందని అది నిరూపించింది. రంగు వేయడానికి ముందు లోహపు తలాన్ని ఆమ్లంతో కడిగే కర్మాగారాల పద్ధతి నుంచి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. ఒక వ్యాసం హైదరాబాద్ చుట్టూ ఉన్న వేలాది ముందుపళ్ళ మరకకు కారణం చెప్పింది. రెండోది ఆ మరకను కప్పడానికి దారి వేసింది. ఈ రెండు దారులు కలవడానికి మరో పాతికేళ్ళకు పైగా పట్టింది.

ఫ్లోరైడ్ సమస్య తెలుగు నేలకు నల్లగొండతో మొదలు కాలేదు. మద్రాసు రాజధానిలోని తెలుగు ప్రాంతాలలో ఈ వ్యాధి ఉన్నట్టు షార్ట్, అతని సహచరులు 1937లోనే ప్రకటించారు. గ్రానైటు రాళ్ళలోని ఫ్లోరిన్ ఖనిజాలు భూగర్భజలంలో కరిగి, వర్షాలు తక్కువైన మెట్టప్రాంతాలలో గాఢత పెరిగి, బావుల ద్వారా శరీరంలోకి చేరడం దీనికి మూలం. లీటరు నీటికి 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. శాశ్వత కొరుకుపళ్ళ ఎనామిల్ బిడ్డ పుట్టిన కొద్దినెలలకే చిగురు లోపల తయారుకావడం మొదలై నాలుగైదేళ్ళకు పూర్తవుతుంది. ఆ కాలంలో అధిక ఫ్లోరైడ్ గల నీరు తాగిన బిడ్డ పంటిలో ఖనిజం సక్రమంగా పేరుకోక, పన్ను బయటికి వచ్చేసరికే సుద్దముక్క లాంటి తెల్లని మచ్చలు, చారలు కనిపిస్తాయి. ఎక్కువ తీవ్రమైన చోట అవి గోధుమరంగుకు తిరుగుతాయి, గుంటలు పడతాయి. ఏ పళ్ళపొడీ వాటిని పోగొట్టలేదు, ఎందుకంటే ఆ మరక పైన అంటుకున్నది కాదు, పన్ను ఏర్పడుతున్నప్పుడే దాని నిర్మాణంలో చేరిపోయినది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీటి నుంచి ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టడంతో, ఆ జిల్లా పేరు ప్రపంచ నీటిశుద్ధి గ్రంథాలలో చేరింది.

ఆ మరకతో పెరిగిన పిల్లల బాధ వైద్యశాస్త్రపు కొలతలలోకి ఎక్కువగా రాలేదు. పంటికి నొప్పి లేదు, నమలడానికి అడ్డు లేదు. అందుచేత దాన్ని రోగంగా లెక్కించనివారే ఎక్కువ. అయితే ఆ పిల్లలు మాట్లాడేటప్పుడు చేయి అడ్డం పెట్టుకోవడం, బడిలో నవ్వకపోవడం, ఇతర ఊళ్ళ సంబంధాలు రావడానికి ఇబ్బంది పడడం తెలంగాణ పల్లెల్లో అందరూ ఎరిగిన సంగతులు. ఎముకలు వంగిపోయిన వారి దుస్థితి ముందు ఇది చిన్నదిగా కనిపించడం సహజమే. దానివల్ల ఈ బాధను పూర్తిగా పక్కకు నెట్టడం మాత్రం న్యాయం అనిపించుకోదు.

బాండింగ్ చికిత్సగా రూపుదిద్దుకున్న తీరును కూడా కొంత వివరంగా చూడాలి. బ్యూనోకోర్ చూపింది అంటుకునే మార్గం. అంటించదగిన మంచి పదార్థం అప్పటికి లేదు. ఆ కాలంలో ముందుపంటిని పూడ్చడానికి వాడిన సిలికేట్ సిమెంటు ఉమ్ములో కరిగిపోయేది. ఆక్రిలిక్ ప్లాస్టిక్ గట్టిపడేటప్పుడు బాగా కుదించుకుపోయి అంచుల్లో చీలిక మిగిల్చేది. పింగాణీ తొడుగు అందంగా ఉన్నా, దానికోసం ఆరోగ్యంగా ఉన్న పంటిని చుట్టూ చెక్కవలసి వచ్చేది. రాఫెల్ బోవెన్ అనే అమెరికా శాస్త్రవేత్త బిస్-జిఎంఎ అనే కొత్త రెసిన్‌ను తయారుచేసి, అందులో సన్నని ఖనిజపు పొడిని కలిపి బలాన్ని పెంచి, 1962లో పేటెంటు పొందాడు. నేడు కాంపోజిట్ అని పిలిచే పంటి రంగు ముద్దకు అదే మూలం. దానిని గట్టిపరచడానికి మొదట అతినీలలోహిత కిరణాలను వాడి, 1970ల చివరికి కంటికి కనిపించే నీలికాంతి దీపాలను తెచ్చారు. ఇప్పటి కాంపోజిట్‌లలో ఎక్కువ భాగంలో కాంఫర్‌క్వినోన్ అనే ద్రవ్యం ఆ కాంతిని గ్రహించి రెసిన్ అణువులను గొలుసుగా అల్లేటట్టు చేస్తుంది.

ఈ చికిత్సలో వైద్యుడి చేతిపని ఎక్కువ. తడి ఆరిపోయిన పన్ను అసలు రంగుకన్నా తెల్లగా కనిపిస్తుంది కాబట్టి, నోరు తడిగా ఉన్నప్పుడే పగటి వెలుతురులో రంగును ఎంచుకోవాలి. తరువాత ఉమ్ము తగలకుండా పంటిని విడదీసి, సుమారు 37 శాతం ఆమ్లపు జెల్‌ను కొద్ది సెకన్లు ఉంచి కడిగి ఆరబెడితే, ఎనామిల్ మెరుపు పోయి మంచు పట్టిన గాజు రంగు తేలుతుంది. ఆ రంగు రానిదే ముందుకు వెళ్ళకూడదు. ఫ్లోరైడ్ సోకిన పంటి విషయంలో ఈ దశలోనే చిక్కు ఎదురవుతుంది. ఆ పంటి పైపొర మామూలు ఎనామిల్ అంత సులభంగా ఆమ్లానికి లొంగదు, అందువల్ల ఆమ్లాన్ని ఎక్కువసేపు ఉంచడమో, పైపొరను పలచగా గీకి తీయడమో అవసరమవుతుంది. ఆపైన బాండింగ్ ద్రవాన్ని రాసి, లోపలి గోధుమరంగు బయటికి కనపడకుండా ముందు కాంతిని అడ్డుకునే చిక్కని పొర వేసి, దానిమీద సహజమైన పంటిలాగ కాంతిని కొంత లోపలికి పోనిచ్చే పొరను వేస్తారు. ఒక్కో పొర మందం రెండు మిల్లీమీటర్లు దాటితే కాంతి అడుగుదాకా చేరదు, అడుగు పచ్చిగా ఉండిపోయి తరువాత ఊడుతుంది. చివరికి అంచులను నునుపు చేసి మెరుగు పెట్టడానికి పట్టే సమయం, ముద్దను పేర్చడానికి పట్టిన సమయంకన్నా తక్కువేమీ కాదు. పంటిని దాదాపు చెక్కకుండానే ఇదంతా సాధ్యం కావడం బాండింగ్ గొప్పతనం; బంగారు తొడుగుకు, పింగాణీ తొడుగుకు లేని ఈ గుణం వల్లనే ఎదిగే వయసులో ఉన్న పిల్లలకు ఇది తగినది.

పాతబస్తీకి ఈ పద్ధతి చేరిన దారిలో అఫ్జల్‌గంజ్ ముఖ్యమైన మజిలీ. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో 1959లో మొదలైన ప్రభుత్వ దంతవైద్య కళాశాల నయాపూల్ వంతెనకు దగ్గరగా ఉంది. వంతెన దాటితే మదీనా, పత్తర్‌గట్టి, చార్మినార్. నల్లగొండ, మహబూబ్‌నగర్ బస్సులు ఒకప్పుడు ఆగిన గౌలిగూడ, తరువాతి కాలపు ఇమ్లీబన్ బస్‌స్టేషన్లు కూడా అక్కడికి నడిచి వెళ్ళేంత దగ్గరలోనివే. ఒకే వరుసలో పాతబస్తీ జర్దా మరకతో వచ్చిన మధ్యవయస్కుడూ, నల్లగొండ నీటిమరకతో వచ్చిన విద్యార్థినీ కూర్చునే చోటు అది. ఒక మరక పైనుంచి వచ్చింది, మరొకటి లోపలినుంచి వచ్చింది. మొదటిదానికి గార తీసి మెరుగు పెడితే చాలావరకు సరిపోతుంది, రెండోదానికి బాండింగ్ కావాలి. ఈ తేడాను గుర్తుపట్టడం దంతవైద్య విద్యార్థికి హైదరాబాద్ ప్రత్యేకంగా నేర్పిన పాఠం.

1970ల తరువాత గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళినవారి సంపాదన పాతబస్తీ ఇళ్ళ రూపురేఖలను, పెళ్ళిళ్ళ తీరును మార్చింది. 1990ల నుంచి ప్రైవేటు దంతవైద్య కళాశాలలు పెరిగి, వాటిలో చదివినవారు బస్తీలలోనే క్లినిక్‌లు తెరిచారు. బ్యాటరీతో పనిచేసే చిన్న ఎల్‌ఈడీ దీపాలు వచ్చాక కాంతి పరికరం కోసం పెద్ద యంత్రం అవసరం లేకపోయింది, కరెంటు పోయినా పని ఆగకుండా సాగింది. ఒకప్పుడు వధువుకు మిస్సీ పెట్టిన పేటలలో ఇప్పుడు పెళ్ళికి ముందు ముందుపళ్ళ సందు పూడ్పించడం, విరిగిన మూల కట్టించడం మామూలైంది. అయితే కాంపోజిట్ శాశ్వతం కాదు. ఇరానీ చాయ్, పాన్, జర్దా దాని అంచులలో మరకను మళ్ళీ తెస్తాయి. వక్క కొరికే అలవాటున్నవారికి అది పెళుసుగా విరుగుతుంది. జాగ్రత్తను బట్టి మూడు నుంచి పదేళ్ళ మధ్య ఎప్పుడో ఒకప్పుడు మరమ్మతు చేయించక తప్పదు. తక్కువ ధరకు కాలిబాట మీద తనంతట తానే గట్టిపడే ఆక్రిలిక్ ముద్దను పంటికి అద్దించుకునేవారు దాన్ని బాండింగ్ అని నమ్మడం విచారకరం. అందులో ఆమ్లంతో గరుకు చేయడం లేదు, తేమను ఆపడం లేదు, దాని అడుగున చేరిన పాచి చిగురును తినివేస్తుంది.

మిషన్ భగీరథ పథకం 2016లో ప్రారంభమై కృష్ణా, గోదావరి నీటిని నల్లగొండ పల్లెలకు చేర్చడంతో కొత్తగా పుట్టే పిల్లల పళ్ళకు ఈ ముప్పు తగ్గింది. ఆ నీరు రాకముందే ఎనామిల్ ఏర్పడిన వారి పళ్ళను మాత్రం ఏ నీరూ మార్చలేదు, ఎందుకంటే ఒకసారి ఏర్పడిన ఎనామిల్ మళ్ళీ పుట్టదు. వారిలో చాలామంది ఇప్పుడు చదువు ముగించి ఉద్యోగాల కోసం, పెళ్ళిళ్ళ కోసం ఎదురుచూసే వయసులో ఉన్నారు. ఆ మరక వారి నిర్లక్ష్యం వల్ల వచ్చింది కాదు, ప్రభుత్వాలు దశాబ్దాలపాటు మంచినీరు ఇవ్వలేకపోవడం వల్ల వచ్చింది. అందువల్ల ఫ్లోరైడ్ మరకకు చేసే బాండింగ్‌ను సౌందర్య చికిత్సల జాబితా నుంచి తీసి, నీటి కాలుష్యానికి ఇవ్వవలసిన పరిహారంగా లెక్కించి, అఫ్జల్‌గంజ్‌లోని కళాశాలతో పాటు జిల్లా ఆసుపత్రుల దంత విభాగాలన్నిటిలో దాన్ని ఉచితంగా అందించడం, కొన్నేళ్ళకొకసారి అవసరమయ్యే మరమ్మతును కూడా అందులోనే చేర్చడం ప్రభుత్వం వెంటనే చేపట్టవలసిన పని.